మూడు దారాలు: బ్లాక్ వాచ్ ఈకల టోపీ మీద ఒక కేస్ స్టడీ

ఆ టోపీ మా వర్క్‌షాపుకి ఒక రేకు పెట్టెలో వచ్చింది. మూత తీయగానే కలరా ఉండల వాసన గుప్పుమంది. మా అమ్మమ్మ ట్రంకు పెట్టెలో పట్టుచీరల మధ్య నుంచి వచ్చేది అచ్చం ఇదే వాసన. నేను స్కాట్లండ్‌లో పాత బట్టల కన్జర్వేటర్‌గా పని చేస్తున్నాను. జెండాలు, యూనిఫాంలు, పెళ్లి గౌన్లు, అప్పుడప్పుడు టోపీలు నా బల్ల మీదకి వస్తుంటాయి. ఈ టోపీ మాత్రం నా చేత మామూలు కంటే ఎక్కువ ఆలోచింపజేసింది. 46 గంటల పని అని అంచనా వేసి ఇచ్చాను, 71 గంటలు పట్టింది.

టోపీ బ్లాక్ వాచ్ అనే స్కాటిష్ సైనిక రెజిమెంటుది. పంపింది ఒక చిన్న మ్యూజియం. వాళ్లు అడిగినవి మూడు పనులు. టోపీ శుభ్రం చేయాలి, ఊడిపోతున్న ఈకలు నిలబెట్టాలి, వెలిసిపోయిన ఎర్ర హ్యాకిల్ (టోపీ పక్కన నిటారుగా గుచ్చే ఈకల కుచ్చు) తీసేసి కొత్తది పెట్టాలి. ఇవన్నీ అయ్యాక జనవరి 5న రిటైరైన సైనికుడు ఒకాయన దాన్ని తలకి పెట్టుకుని నడవాలని వాళ్ల కోరిక. మొదటి రెండూ చేశాను. మూడోది చేయలేదు. తలకి పెట్టుకోవడానికీ ఒప్పుకోలేదు. ఎందుకో చెప్పాలంటే ముందు ఆ టోపీ లోపల ఏం కనబడిందో చెప్పాలి. ఒక రెజిమెంటు తలమీద నుంచి ఇంత పెద్ద టోపీ ఎలా మాయమైందో నాకు పుస్తకాల కంటే ఆ కుట్లే బాగా చెప్పాయి.

టోపీ సంగతి

దీన్ని ఫెదర్ బానెట్ అంటారు. దూరం నుంచి చూసినవాళ్లు ఎలుగుబంటి చర్మం అనుకుంటారు. బకింగ్‌హామ్ ప్యాలెస్ దగ్గర కాపలా కాసే ఫుట్ గార్డ్స్ టోపీ ఎలుగు చర్మానిదే, కానీ ఇది వేరు. హైలాండ్స్ అనే స్కాట్లండ్ కొండ ప్రాంతపు రెజిమెంట్ల టోపీ నిప్పుకోడి ఈకలతో చేసింది. లోపల సన్నటి ఇనుప తీగతో బుట్టలాంటి చట్రం, దాని మీద నల్లగుడ్డ, ఆ గుడ్డ మీద వరస వెంట వరస కుట్టిన నల్లరంగు ఈకలు. కింద చుట్టూ గళ్ల పట్టీ. ఎడమవైపు నల్ల సిల్కు రోజెట్, దాని మీద బ్యాడ్జి, ఆ బ్యాడ్జి వెనక నిటారుగా హ్యాకిల్. కుడివైపు కుచ్చుల్లా వేలాడేవాటిని ఫాక్స్‌టెయిల్స్ అంటారు. పేరు నక్కతోకే గానీ అవి కూడా నిప్పుకోడి ఈకలే.

మొదట్లో హైలాండ్ సిపాయి పెట్టుకున్నది ఊలుతో అల్లిన చదునైన నీలం టోపీ. 18వ శతాబ్దంలో దానికి ఒక ఈకల కుచ్చు చేరింది, తర్వాత ఇంకొన్ని ఈకలు. నెపోలియన్ యుద్ధాల నాటికి ఈకలు పెరిగి పెరిగి అసలు టోపీనే కప్పేశాయి. అడుగున ఉన్న గళ్ల పట్టీ ఒక్కటే ఆ పాత టోపీకి మిగిలిన గుర్తు. ఇది కవాతుకే పనికొచ్చే అలంకారం అని ఇప్పుడు అనిపిస్తుంది గానీ, ఈ టోపీతోనే యుద్ధాలు చేశారు. 1854 అక్టోబరు 25న బాలక్లావాలో రష్యన్ గుర్రపుదళానికి ఎదురు నిలిచిన 93వ హైలాండర్స్ తలల మీద ఉన్నది ఇదే. 1857లో అదే రెజిమెంటు మన లక్నోకి వచ్చినప్పుడు కూడా ఇదే టోపీతో పోరాడింది.

1881 సైనిక సంస్కరణల తర్వాత కిల్టు (మోకాళ్ల దాకా ఉండే గళ్ల పావడా) కట్టే రెజిమెంట్లు ఐదు మిగిలాయి: బ్లాక్ వాచ్, సీఫోర్త్, గోర్డన్, కామెరాన్, ఆర్గైల్. నలుగురి హ్యాకిల్ తెలుపు. బ్లాక్ వాచ్‌ది మాత్రం ఎరుపు. 1795 జనవరిలో నెదర్లాండ్స్‌లోని గెల్డర్‌మాల్సెన్ దగ్గర చూపిన ధైర్యానికి ఆ ఎరుపు దక్కిందని రెజిమెంటు చెప్పుకుంటుంది. మరెవరూ దాన్ని వాడకూడదని 1822లో ఉత్తర్వే వచ్చింది. జనవరి 5ని రెడ్ హ్యాకిల్ డే అనడం అందుకే. మ్యూజియం వాళ్ల తొందర కూడా ఆ తేదీ కోసమే.

మొదటి వారం

బయటి నుంచి ఈకలో ఉన్నిలో వస్తే తిన్నగా బల్ల మీదకి తీసుకోను. పాలిథిన్ సంచిలో పెట్టి, గాలి తీసి, సీలు వేసి, మైనస్ 30 డిగ్రీల ఫ్రీజర్‌లో మూడు రోజులు ఉంచుతాను. చిమ్మట గుడ్లు కూడా చావాలంటే అంత చలి కావాలి. బయటికి తీశాక సంచి విప్పకుండా ఒక రోజు అలాగే వదిలేయాలి. లేకపోతే చల్లటి ఈక మీద గదిలోని తేమ చేరి చెమ్మ పట్టేస్తుంది. ఆ తర్వాత ఎక్స్‌రే ఫ్లోరెసెన్స్ యంత్రంతో విషాలు చూశాం. పాతకాలంలో పురుగు పట్టకుండా ఈకలకీ, బొచ్చుకీ ఆర్సెనిక్ పూసేవాళ్లు. హ్యాకిల్ మొదట్లో దాని జాడ కొద్దిగా కనబడింది. అందుకని పనంతా గ్లవ్స్, మాస్క్ వేసుకునే చేశాను. ఇది తలకి పెట్టుకునే వస్తువు కాదని నేను మొదటిసారి అనుకున్నది ఆ రోజే.

బరువు 640 గ్రాములు. ఎత్తు 30 సెంటీమీటర్లు. లోపలి తోలు పట్టీ మీద సర్కారు సొత్తుకి వేసే బాణం ముద్ర ఉంది. ఆ ముద్ర పక్కన సంవత్సరంలో 19 అనే అంకెలే మిగిలాయి, తర్వాతి రెండూ చెమటకి చెరిగిపోయాయి. ఆఫీసర్లు తమ టోపీలు సొంత డబ్బుతో కొనుక్కునేవాళ్లు, వాటికి ఈ ముద్ర ఉండదు. అంటే ఇది మామూలు సిపాయికి ఇచ్చిన టోపీ. ముద్ర కింద సిరాతో రాసి కొట్టేసిన నంబరు ఒకటి, దాని కింద ఇంకొకటి, దాని కింద మరొకటి.

కుట్లు

అసలు విషయం ఇక్కడుంది.

ఊడిన ఈకలు మళ్లీ కుట్టాలంటే అవి దేనికి కుట్టి ఉన్నాయో చూడాలి. లోపలి అస్తరు కొంత విడిపోయి ఉంది, ఆ సందులోంచి లైటు వేసి చూశాను. కుట్లు ఒకే చేతివి కావు. ఒకే కాలానివి కూడా కావు.

మొదటి దారం నార దారం. మైనం పట్టించి పేనినది. వందేళ్లు దాటినా వేలితో లాగితే చెక్కుచెదరలేదు. ప్రతి కుట్టు సమానమైన దూరంలో, ప్రతి నాలుగో కుట్టు దగ్గర వెనక్కి తిప్పి ఒక ముడి. వరసకి ఎన్ని ఈకలు, ఏ ఈక ఎటు వంగాలి అనేది చేతికి బాగా తెలిసినవాళ్లు కుట్టిన కుట్టు. ఇలాంటి కుట్టు చూస్తే నాకు దండం పెట్టాలనిపిస్తుంది.

రెండో దారం నల్ల నూలు దారం, ఇప్పుడు గోధుమ రంగులోకి తిరిగింది. ఈ కుట్టు కూడా చక్కనిదే, కానీ వేరే ఎవరిదో. దీనితో కుట్టిన ఈకల వరసలు ఈ టోపీవి కావు. వాటి అడుగున ఉన్న టేపు వెడల్పు వేరు, ఒక టేపు చివర మళ్లీ ఒక నంబరు, ముద్ర పక్కన ఉన్న మూడు నంబర్లలో ఏదీ కాదది. అంటే ఇంకొక సిపాయి టోపీ విప్పి, దాని ఈకలు తీసి దీనికి వేశారు. ఒక టోపీని బతికించడానికి ఇంకో టోపీని తినేశారు.

మూడో దారం చూడటానికి నల్లగానే ఉంది. అల్ట్రావయొలెట్ టార్చి వేసేసరికి లోపలివైపు నీలంగా మెరిసిపోయింది. తెల్ల దారంలో మెరుపు కోసం కలిపే రసాయనాలు రెండో ప్రపంచ యుద్ధం తర్వాతే బాగా వాడకంలోకి వచ్చాయి, ఆ మెరుపు వాటిదే. నల్లదారం దొరక్క తెల్లదారంతో కుట్టి, బయటికి కనబడే చోట మార్కర్ పెన్నుతో నల్లగా పూశారు. చిన్న పోగు తీసి మంట దగ్గర పెడితే కాగితంలా కాలలేదు, కరిగి చిన్న ఉండ కట్టింది. నూలు కాదు, సింథటిక్. కుట్లు పెద్దవి, వంకరటింకరగా, ఒకే చోట నాలుగైదు సార్లు తిప్పి బిగించినవి. సూది పట్టడం ఎవరూ నేర్పకపోయినా, రేపు ఉదయం పరేడ్ ఉంది కాబట్టి ఈ రాత్రికి ఎలాగైనా నిలబెట్టాలని కూర్చున్నవాళ్ల కుట్టు అది.

ఈ మూడో దారం దగ్గరే నేను పొరపాటు చేశాను. ఈకల్లో వంగిపోయిన పోచలు సర్దుకోవడానికి కన్జర్వేటర్లు చల్లటి సన్నని ఆవిరి పట్టిస్తారు. ముందుగా రంగు వదులుతుందేమో పరీక్షించాలి. పరీక్షించాను, కానీ మొదటి దారం ఈకల మీదే. అన్నీ నల్లగా ఒకేలా ఉన్నాయి కదా అని మిగతావి చూడలేదు. ఆవిరి పెట్టిన పది నిమిషాలకి వెనకవైపు ఒక వరస నుంచి ఊదా రంగు కారింది. పక్కనున్న పాత ఈకల మీద రెండు సెంటీమీటర్ల మేర మరక పడింది. గుండె గుభేలుమంది. అద్దకపు కాగితం పెట్టి అక్కడికక్కడ ఆపగలిగాను గానీ మరక పూర్తిగా పోలేదు. రిపోర్టులో ఫొటోతో సహా రాసి మ్యూజియానికి ఇచ్చాను.

ఆ వరస నుంచి ఒక పోచ తీసి మైక్రోస్కోప్ కింద పెట్టాను. మామూలు పక్షి ఈకలో పోచలకి సన్నటి కొక్కేలు ఉంటాయి, అవి ఒకదాన్నొకటి పట్టుకుని ఈకని ఆకులా గట్టిగా ఉంచుతాయి. నిప్పుకోడి ఈకకి ఆ కొక్కేలు ఉండవు, అందుకే దాని పోచలు విడివిడిగా, మెత్తగా గాలికి ఊగుతాయి. ఇక్కడ కొక్కేలు స్పష్టంగా కనబడ్డాయి. అవి కోడిపుంజు తోక ఈకలు. చవక రంగు వేసి, పోచలు విడదీసి, నిప్పుకోడి ఈకల మధ్య దాచి కుట్టారు.

నార దారం, తర్వాత ఇంకో టోపీ నుంచి తీసిన ఈకలు, ఆఖర్న కోడి ఈకలు, మార్కర్. చివరికి ఆ టోపీ అతుకుల బొంత అయింది.

ఉత్తర్వుతో పోయింది, ఉత్తర్వు లేకుండా పోయింది

ఈ కుట్లని చరిత్ర పక్కన పెట్టి చూస్తే లెక్క సరిపోతుంది.

హైలాండ్ వేషం ఒకసారి ఉత్తర్వుతోనే పోయింది. 1809లో ఆరు రెజిమెంట్ల నుంచి దాన్ని తీసేశారు. కిల్టు కట్టమంటే కొత్తవాళ్లు చేరడం లేదని, హైలాండ్స్‌లో మనుషులు దొరకడం లేదని కారణం చెప్పారు. ఇందులో 73వ రెజిమెంటు కథ చూడండి. అది 1780లో బ్లాక్ వాచ్‌కే రెండో బెటాలియన్‌గా పుట్టి, 1786లో వేరుపడింది. హైదర్ అలీ, టిప్పు సుల్తాన్‌లతో యుద్ధాలకి మన దక్షిణాదికి వచ్చింది వాళ్లే. మంగుళూరు, శ్రీరంగపట్నం పేర్లు ఈనాటికీ బ్లాక్ వాచ్ గౌరవాల జాబితాలో ఉన్నాయంటే వాళ్ల వల్లే. 1809లో వాళ్ల టోపీ, కిల్టు పోయాయి. 1881లో ఆ రెజిమెంటును మళ్లీ బ్లాక్ వాచ్‌లో కలిపినప్పుడు రెండూ తిరిగొచ్చాయి. 72 ఏళ్ల తర్వాత. ఉత్తర్వుతో పోయినదానికి ఒక తేదీ ఉంటుంది, సంతకం ఉంటుంది. పోయిందని అందరికీ తెలుస్తుంది కాబట్టి మళ్లీ ఇమ్మని అడిగేవాళ్లూ ఉంటారు.

1914లో అలా జరగలేదు. అప్పటికే 1902 నుంచి పని దుస్తులన్నీ ఖాకీలోకి మారాయి, ఈకల టోపీ ఫుల్ డ్రెస్‌కి, అంటే వేడుకల వేషానికి మాత్రమే పరిమితమైంది. ఆగస్టులో యుద్ధం రాగానే ఫుల్ డ్రెస్ అంతా స్టోర్లోకి వెళ్లింది. రద్దు చేయలేదు, దాచిపెట్టారు అంతే. యుద్ధం అయ్యాక 1920లో ఫుల్ డ్రెస్ తిరిగి ఇచ్చింది రాజుగారి సొంత దళాలకి, అంటే హౌస్‌హోల్డ్ కావల్రీకీ ఫుట్ గార్డ్స్‌కీ. మిగతా రెజిమెంట్లలో మామూలు సిపాయికి అది తిరిగి రాలేదు. పైపర్లు (బ్యాగ్‌పైప్ వాయించేవాళ్లు), డ్రమ్మర్లు మాత్రం వేడుకలకి వాడుతూ వచ్చారు. దాన్ని రద్దు చేసినట్టు కాగితం ఎక్కడా లేదు. పైగా డ్రెస్ రెగ్యులేషన్స్‌లో ఫుల్ డ్రెస్ వివరాలు ఈనాటికీ ఉన్నాయి. నిబంధనల పుస్తకంలో టోపీ ఉంది, సిపాయి తలమీద లేదు.

మన ఊళ్లలో వస్తువు అటకెక్కింది అంటాం. పారేయలేదు కాబట్టి ఎవరికీ బాధ ఉండదు. ఎప్పుడైనా దించుకోవచ్చనే ధీమా ఉంటుంది. బెటాలియన్‌కి సుమారు వెయ్యి మంది ఉంటారు. ఆ వెయ్యి టోపీలు స్టోర్లో ఉన్నాయి, కావలసింది బ్యాండ్‌కి కొన్ని పదులు. ఒకటి చిరిగితే ఇంకొకటి విప్పి బాగుచేసుకోవచ్చు. రెండో దారం నాకు చూపించింది సరిగ్గా ఇదే. ఆ కాలంలో కొత్త టోపీ ఆర్డరు ఇవ్వాల్సిన అవసరమే పడలేదు. ఆర్డర్లు లేకపోతే కుట్టేవాళ్లు ఏం తిని బతుకుతారు? టోపీలు కాపాడుకుందామని నింపిన స్టోరే టోపీలు చేసే పనిని చంపేసిందని నా నమ్మకం. ఒక్క టోపీ చూసి ఇంత మాట అనొచ్చా అని మా సీనియర్ అడిగింది. అనకూడదు నిజమే, అందుకే రిపోర్టులో దీన్ని అంచనా అనే రాశాను. కానీ ఆ టేపు చివర నంబరు చూశాక నాకు వేరే విధంగా తోచడం లేదు.

1914లోనే ఇంకొక దెబ్బ కూడా పడింది, సైన్యానికి సంబంధం లేని చోట. నిప్పుకోడి ఈకలు ఎక్కువగా వచ్చేది దక్షిణాఫ్రికాలోని అవుట్స్‌హోర్న్ ప్రాంతం నుంచి. 1913లో ఆ దేశపు ఎగుమతుల్లో బంగారం, వజ్రాలు, ఉన్ని తర్వాత స్థానం ఈ ఈకలదే. ఆడవాళ్ల టోపీలకి అంత గిరాకీ. 1914లో ఆ మార్కెట్ కుప్పకూలింది. ఫ్యాషన్ మారింది, పైనుంచి యుద్ధం. ఈక శుభ్రం చేసి, రంగు వేసి, పోచలు వంపు తిప్పి, వరసలు కట్టే పనివాళ్లు బతికింది ఆడవాళ్ల టోపీల మీద, సిపాయిల టోపీలు వాళ్లకి పక్క పని మాత్రమే. ఆ గిరాకీ పోవడంతో చేతులు కూడా పోయాయి. 1920లో సైన్యం మనసు మార్చుకుని అందరికీ ఈకల టోపీలు కావాలని అడిగి ఉన్నా, అప్పటికే కష్టమయ్యేది.

డ్రమ్మర్ పెద్దాయన

పని సగంలో ఉండగా మ్యూజియం వాళ్లు ఒక పెద్దాయనని తీసుకొచ్చారు. 1970ల్లో రెజిమెంటు డ్రమ్మర్. జనవరి 5న టోపీ పెట్టుకోవాలనుకున్నది ఆయనే. అప్పటికే నేను వద్దన్న సంగతి ఆయనకి తెలుసు, కోపంగా వస్తారేమోనని టెన్షన్ పడ్డాను. ఆయన వచ్చి కుర్చీలో కూర్చుని, చేతులు వెనక పెట్టుకుని, వంగి చాలాసేపు చూశారు. తర్వాత మార్కర్ పూసిన చోట వేలు చూపించారు, తాకలేదు.

"ఈ మార్కర్ మేం వాడిందే. పెన్ను మూత పోయి ఎప్పుడూ ఎండిపోయేది, ఉమ్ము తడి చేసి పూసేవాళ్లం."

కుట్టింది మీరేనా అని అడిగాను.

"చెప్పలేనమ్మా. ముగ్గురం కుట్టేవాళ్లం, ముగ్గురి కుట్టూ ఇలాగే వంకరగా ఉండేది. స్టోర్స్‌కి వెళ్లి కొత్త ఈకలు అడిగితే, ఉన్నది ఇదే, జాగ్రత్తగా వాడుకోండి అనేవాళ్లు. కోడి ఈకలు మాలో ఒకడు ఊరి నుంచి తెచ్చాడు. వాళ్ల నాన్నకి కోళ్లుండేవి."

ఈకలు ఎలా సర్దేవాళ్లు అని అడిగితే చేతులతో చేసి చూపించారు. కెటిల్ ఆవిరి మీద టోపీని తిప్పుతూ పట్టుకోవడం, తర్వాత తలకిందులుగా పట్టుకుని దులపడం, ఆరేదాకా పక్కన ఎవరినీ సిగరెట్ కాల్చనివ్వకపోవడం. వానలో పరేడ్ చేసిన రోజు రాత్రి బారక్‌లో తడి ఈకల కంపుకి నిద్రపట్టేది కాదట. లోపల నంబర్లు చూపిస్తే, "నా నంబరు రాయలేదు. రాయడానికి చోటు లేదు" అన్నారు.

మిగతా సిపాయిలకి ఈ టోపీ లేదని అప్పట్లో ఎవరైనా అనుకునేవాళ్లా అని అడిగాను. ఆయన జవాబు మొత్తం కేసులో నాకు అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడింది.

"పరేడ్‌లో ముందు నడిచేది మేమే కదా. జనం ఫొటోలు తీసేది మమ్మల్నే. వెనక కంపెనీల వాళ్ల తలమీద ఏముందో ఎవరు చూశారు?"

నిజమే. 1963 నవంబరులో వాషింగ్టన్‌లో కెనెడీ అంత్యక్రియల ఊరేగింపులో బ్లాక్ వాచ్ పైపర్లు నడిచారు. 1997లో హాంకాంగ్‌ని చైనాకి అప్పగించినప్పుడు అక్కడి చివరి దండులో బ్లాక్ వాచ్ ఉంది. ఇలాంటి చోట్ల లోకం కళ్లు పైప్స్ అండ్ డ్రమ్స్ మీదే ఉంటాయి, వాళ్ల వేషమే రెజిమెంటు వేషంగా గుర్తుండిపోతుంది. పోస్టర్ల మీద, బిస్కెట్ డబ్బాల మీద, పోస్టుకార్డుల మీద ఈకల టోపీ కళకళలాడుతూనే ఉంది. కొందరి తలల మీద అది అంత బాగా కనబడటం వల్లే వందల తలల మీద నుంచి పోయిన సంగతి ఎవరి కంటా పడలేదు. మా తాతగారి తరంతో పాగా చుట్టడం కూడా ఇలాగే పోయింది. పెళ్లిలో పెళ్లికొడుకు తలమీద రెడీమేడ్ తలపాగా చూస్తూ, అది మనకింకా ఉందనే అనుకుంటాం.

2006 మార్చి 28న స్కాట్స్ గార్డ్స్ తప్ప మిగతా స్కాటిష్ పదాతి రెజిమెంట్లని కలిపి రాయల్ రెజిమెంట్ ఆఫ్ స్కాట్లండ్ చేశారు. బ్లాక్ వాచ్ దాని మూడో బెటాలియన్ అయింది. పేరు పోతుందని, ఎర్ర హ్యాకిల్ పోతుందని పెద్ద గొడవ జరిగింది. హ్యాకిల్ నిలబడింది. ఇప్పుడు అది టామ్ ఓ షాంటర్ అనే గుండ్రటి టోపీ మీద ఉంటుంది. మిగతా బెటాలియన్లకీ తలో రంగు హ్యాకిల్ వచ్చింది. ఆ గొడవలో ఈకల టోపీ ఊసు పెద్దగా లేదు. అప్పటికి 90 ఏళ్లుగా సిపాయికి లేనిదాని కోసం ఎవరు కొట్లాడతారు? టోపీ పోయినా దాని పక్కన గుచ్చిన ఎర్ర ఈక మిగిలింది. ప్రాణమంతా ఆ చిన్న ఈకలోకే చేరింది.

ఏం చేశాను, ఏం చేయలేదు

మ్యూజియం వాళ్లతో మాట తేలడానికి మూడు సమావేశాలు పట్టాయి. వాళ్ల వాదన తీసిపారేసేది కాదు. ఇది వాడటానికి పుట్టిన వస్తువు, అద్దాల పెట్టెలో పెడితే బతికినట్టా అన్నారు. నాకూ ఆ మాట నచ్చుతుంది. కానీ తీగ చట్రం మూడు చోట్ల తుప్పు పట్టి విరిగింది. నల్లరంగు కోసం వాడిన ఇనుపలవణాల వల్ల పాత ఈకల ఈనెలు పెళుసుబారాయి, తల తిప్పితే చాలు ఊడి రాలతాయి. పైగా ఆర్సెనిక్. పెట్టుకునే మనిషి ఆరోగ్యం గురించి చెప్పాక ఆ వాదన ఆగింది.

హ్యాకిల్ దగ్గర అంత తేలిగ్గా తెగలేదు. వెలిసి ఇటుక రంగుకి వచ్చింది, నిజంగానే దీనంగా ఉంది. బ్యాడ్జి విప్పకుండా చిన్న అద్దం పెట్టి చూస్తే దాని మొదట్లో నార దారం కనబడింది. మొదటి దారమే. టోపీలో అన్నీ మారినా హ్యాకిల్‌ని ఎవరూ మార్చలేదు. ఎదుటివైపు, బ్యాడ్జి పడిన నీడలో, అసలు ఎరుపు ఒక గోరంత మేర అలాగే ఉంది. ఆ ముక్క ఫొటో తీసి పెద్దది చేసి చూపించాను. సమావేశంలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత హ్యాకిల్ మార్చాలన్న మాట మళ్లీ రాలేదు.

కోడి ఈకలు తీసేయాలా వద్దా అన్నది నాతో నాకే వాదన. అవి అసలు టోపీవి కావు, రంగు కూడా వదులుతున్నాయి. తీసేస్తే టోపీ అందంగా ఉంటుంది, కానీ 1970ల్లో ఆ రాత్రి కూర్చుని కుట్టినవాళ్లు చరిత్రలోంచి పోతారు. తీయలేదు. రంగు పక్కకి పాకకుండా ఆ వరస కింద రంగు వేసిన సన్నటి జపనీస్ కాగితం పెట్టాను. ఇకపై ఆ వైపు తేమ చికిత్స చేయకూడదని రికార్డులో రాశాను.

మిగతా పని మామూలే, సమయం తినేది. దుమ్ము తీయడం మెత్తటి కుంచెతో, ముక్కుకి వల కట్టిన చిన్న వాక్యూమ్‌తో. విరిగిన ఈనెలకి జపనీస్ కాగితం మెలిపెట్టి చేసిన సన్నటి పుల్లని గోధుమ గంజితో అంటించి కట్టు వేశాను. వేలు విరిగితే కట్టు వేసినట్టే. అలాంటివి 38. ఊడిన వరసలని పాత రంధ్రాల్లోంచే సన్నటి సిల్కు దారంతో కచ్చా కుట్టు వేసి పట్టించాను. కొత్త రంధ్రం ఒక్కటీ పొడవలేదు. తీగ చట్రం మీద బరువు పడకుండా లోపల నురుగు దిమ్మెని తల ఆకారంలో చెక్కి, సిల్కు తొడుగు వేసి కూర్చోబెట్టాను. కుచ్చులకి విడిగా ఒక చిన్న మెట్టు కట్టాను. ప్రదర్శనలో వెలుతురు 50 లక్స్ దాటకూడదు, ఏడాదిలో ఎనిమిది నెలలు చీకట్లో విశ్రాంతి తీసుకోవాలి.

మ్యూజియం రాసుకున్న పాత వివరపు కార్డులో "సిపాయి ఈకల టోపీ, 1914 వరకు వాడినది" అని ఉండేది. ఆ వాక్యం మార్చమని అడిగాను. ఇప్పుడు "మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు సిపాయికి ఇచ్చినది, తర్వాత కనీసం రెండుసార్లు బాగుచేసి 1970ల దాకా బ్యాండ్‌లో వాడినది" అని ఉంది. పక్కన కుట్ల ఫొటోలు మూడు పెట్టారు.

జనవరి 5న పెద్దాయన వచ్చారు. తన టామ్ ఓ షాంటర్ పెట్టుకుని, దాని మీద కొత్త ఎర్ర హ్యాకిల్‌తో, ఆ అద్దాల పెట్టె పక్కన గంటసేపు నిలబడి వచ్చినవాళ్లకి కెటిల్ ఆవిరి సంగతి చెప్పారు. ఆయన చెప్పింది మొత్తం రికార్డు చేశాం.

మా ఫైల్లో దారాల నమూనాలు మూడు చిన్న కవర్లలో ఉన్నాయి. ప్రతి కవరు మీదా "కుట్టినవారు" అని ఒక గడి ఉంటుంది, సాధారణంగా అది నింపే అవకాశమే రాదు. మూడో కవరు మీద "డ్రమ్మర్లు ముగ్గురు, వారిలో ఒకరితో మాట్లాడాను" అని రాశాను. మొదటి రెండు కవర్ల మీద ఆ గడి ఖాళీగా ఉంది.